నిల్ రిపోర్టు

సాయంత్రం ఆరున్నరకు గుమ్మంలో చెప్పులు విడుస్తూ "అమ్మయ్య" అనేదాన్ని. ఆ అమ్మయ్యలో సన్నగా ఒక మూలుగు కలిసేది. బ్యాగు సోఫాలో పడేసి, కొంగుతో మెడ తుడుచుకుని కళ్ళు మూసుకునేదాన్ని. మా అత్తయ్య అది చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకొచ్చేది. "ఎంత అరగదీస్తున్నారమ్మా నిన్ను!" అనేది. నేను కాదనేదాన్ని కాదు. అప్పటికి ఆవిడకు డెబ్బై ఒకటి, నాకు నలభై రెండు.

అలాంటి ఒక రోజున ఆఫీసులో నేను చేసిన పనేమిటో చెప్తాను. పొద్దున బయోమెట్రిక్ మిషన్ మీద బొటనవేలు పెట్టాను. మధ్యాహ్నం క్యారియరు తిన్నాను. సాయంత్రం మళ్ళీ బొటనవేలు పెట్టాను. నా ఒంట్లో సర్కారు కొలువు చేసింది ఆ వేలొక్కటే.

ఏదో ఒక్కరోజు ముచ్చటయితే ఇంత సిరా దండగ చెయ్యను. ఎనిమిదేళ్ళు ఇదే తంతు.

ఆఫీసు పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. పది మందికీ తెలిసే పని ఏదైనా చేసి ఉంటే కదా. చేతివృత్తుల వాళ్ళకు చిన్నచిన్న అప్పులిచ్చి వాయిదాల్లో వసూలు చేసే ఒక ప్రభుత్వ సంస్థకు అది తోక. నాంపల్లి వైపు ఒక పాత బంగళా మేడ మీద ఉండేది. నేను 1997లో జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు అక్కడ ఇరవై మూడు మంది. మార్చి నెల వచ్చిందంటే ఊపిరాడేది కాదు. డిమాండ్ నోటీసులు, లెడ్జరు పోస్టింగులు, కుమ్మరివాళ్ళూ సాలెవాళ్ళూ మెట్ల మీద బారులు. అప్పుడు మాత్రం ఇంటికెళ్ళి ఒక్కసారి కూడా "అమ్మయ్య" అన్న గుర్తు లేదు. నిలబడే పప్పు పోపు వేసి, పిల్లవాణ్ణి చంకనెత్తుకుని నిద్రపుచ్చేదాన్ని. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

తరవాత అప్పులివ్వడం బ్యాంకుల చేతికి పోయింది. మాకు పాత బాకీల వసూలు మిగిలింది. బాకీ ఉన్నవాళ్ళలో కొందరు పోయారు, కొందరు వలస పోయారు, మిగిలినవాళ్ళు కోర్టుకు పోయారు. రిటైరైనవాళ్ళ కుర్చీల్లో ఎవరినీ వెయ్యలేదు. ఇంతలో 2014 జూన్ 2 వచ్చింది.

రాష్ట్రం రెండయినప్పుడు విభజన చట్టం తొమ్మిదో షెడ్యూల్లో 91 ప్రభుత్వ సంస్థల పేర్లు ఎక్కాయి. వాటి ఆస్తులు, అప్పులు, మనుషులు అన్నీ పంచుకోవాలి. ఎలా పంచాలో చెప్పడానికి షీలా భిడే అధ్యక్షతన కమిటీ వేశారు. కమిటీ చెప్పవలసింది చెప్పింది. అయితే అన్నదమ్ముల పంపకాల్లో ఇత్తడి బిందెల దగ్గర తగవు రాదు, ఇంటి దగ్గరే వస్తుంది. హెడ్డాఫీసు భవనం ఎవరిది, డిపాజిట్లు ఎవరివి, అసలు హెడ్‌క్వార్టర్స్ అంటే ఏమిటి అన్న మాట మీద ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. మా మేడ ఆ ఇంటి అటక మీద మరిచిపోయిన జాడీ. దించి చూద్దామన్న తీరిక ఎవరికీ లేదు.

మరి జీతాలెలా వచ్చేవి అంటారా? అక్కడే ఉంది కిటుకు. పని ఆగింది గానీ డిపాజిట్ల మీద వడ్డీ ఆగలేదు. ఆ వడ్డీలోంచి నెలనెలా జీతం పడేది. ఆఫీసును మూసెయ్యాలంటే బోర్డు తీర్మానం కావాలి, బోర్డు కూర్చోవాలంటే రెండు రాష్ట్రాల సభ్యులూ రావాలి, వాళ్ళు రావాలంటే ముందు పంపకం తేలాలి. ఇదంతా ఫైలులో పెట్టి కదిలించాలంటే పని చేసే ఆఫీసు ఒకటుండాలి. మాది అది కాదు కదా!

మా వయసు కూడా ఏ రాష్ట్రానిదో తేలలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ జూన్ నుంచే రిటైర్మెంటు అరవైకి పెరిగింది. తెలంగాణలో యాభై ఎనిమిది దగ్గరే ఉండి, 2021లో ఒక్కసారిగా అరవై ఒకటయింది. మరుసటేడు ఆంధ్ర అరవై రెండుకి వెళ్ళింది. మా అకౌంటెంటు గారు యాభై ఎనిమిది నిండే నెలలో ఎటూ తేలక, కోర్టు కాగితం ఒకటి తెచ్చుకుని అదే కుర్చీలో అలాగే ఉండిపోయారు. "వయసొక్కటే పెరుగుతోందమ్మా, సర్వీసు పెరుగుతోందో లేదో దేవుడికెరుక" అనేవారు.

అలా చివరికి నలుగురం మిగిలాం. ఆయన, నేను, ఒక అటెండరు, రాత్రి కాపలాకు వాచ్‌మన్. ఖాళీ గదికి కాపలా ఏమిటని అడక్కండి. మేము ముగ్గురం పగటిపూట చేసింది కూడా అదే.

ఇక నా ఘనకార్యం దగ్గరికొస్తాను. ఆ మేడ మీద నన్నెవరూ కట్టెయ్యలేదు. 2016లో ఆంధ్ర సచివాలయం వెలగపూడికి కదిలింది. ఉద్యోగుల కోసమని లింగంపల్లి నుంచి విజయవాడకు రైలు కూడా వేశారు. అప్పుడే నాకు డెప్యుటేషన్ మీద విజయవాడలో ఒక ఆఫీసు చూపించారు. నిండా పనున్న ఆఫీసు. తెనాలి పక్కనే మా అత్తవారి ఊరు. వెళ్తే అత్తయ్యకు తన ఇల్లు, తన వేపచెట్టు, తన మనుషులు. ఆవిడ మొహం వెలిగింది కూడా. మూటలో ఏమేం కట్టుకోవాలో ఆ రాత్రే లెక్క వేసుకుంది.

నేను వెళ్ళనన్నాను. పిల్లవాడి ఇంటరు అని అందరికీ చెప్పాను. అసలు సంగతి వేరు. ఆ ఆఫీసులో కాగితం ఉండదట, ఫైళ్ళన్నీ కంప్యూటరులోనేనట, ఏ ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో తెర మీద అందరికీ కనపడుతుందట. వినగానే అరచేతులు చెమర్చాయి. రెండేళ్ళు ఖాళీగా కూర్చున్న మనిషికి పని మీద కలిగే భయం ఎలాంటిదో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఈత మరిచిపోయానేమోనని చెరువు గట్టు కూడా ఎక్కకపోవడం లాంటిది.

ఇక చూడండి, ఆ డెప్యుటేషన్ తప్పించుకోవడానికి నేను పడ్డ పాట్లు! మేనమామ కొడుకు ద్వారా ఒక ప్రజాప్రతినిధి ఇంటికి మూడు రోజులు తిరిగాను. కిలో పుల్లారెడ్డి మిఠాయి పట్టుకెళ్ళాను. అర్జీ నాలుగు సార్లు తిరగరాశాను. సిఫారసు లేఖ తెచ్చి, పై ఆఫీసులో ఇన్వార్డు నంబరు వేయించి, రోజూ వెళ్ళి ఆ ఫైలు ఏ బల్ల మీదుందో కనుక్కుని, పదకొండు రోజుల్లో ఆర్డరు చేతిలో పెట్టుకున్నాను. నా సర్వీసు మొత్తంలో అంత చురుగ్గా నడిపిన ఫైలు ఇంకోటి లేదు. పని లేని చోట ఉండడం కోసం చేసిన పని అది.

అత్తయ్య మూట విప్పేసి, చీరలు మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

మొదట్లో స్వర్గంలా ఉండేది. నవలలు తీసుకెళ్ళి చదివాను. స్వెట్టర్లు అల్లాను, హైదరాబాదు చలికి ఎన్ని స్వెట్టర్లు కావాలి గనక. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నేను అక్షరాలా లెక్కపెట్టాను. మా హాలు కప్పుకు ఇరవై రెండు దూలాలు, అందులో మూడిటికి చెద. ఆ చెద మీద ఒక నోట్ పెడదామా అని అకౌంటెంటు గారూ నేనూ ఒక వారం చర్చించి, పెడితే ఎవరైనా చూడటానికొస్తారేమోనని మానుకున్నాం.

నెలకొక్క పని మాత్రం ఉండేది. ఐదో తారీకులోగా పై ఆఫీసుకు ప్రోగ్రెస్ రిపోర్టు పంపాలి. గత నెలాఖరుకు పెండింగులో ఉన్నవి, ఈ నెల వచ్చినవి, పరిష్కరించినవి, మిగిలినవి. నాలుగు గళ్ళు. నేను నాలుగిట్లోనూ సున్నాలు చుట్టేదాన్ని. అకౌంటెంటు గారు ఒప్పుకునేవారు కాదు. "సున్నా అంటే లెక్కపెట్టగా తేలిన అంకె. మనం లెక్కపెట్టలేదు. నిల్ అని రాయాలి" అనేవారు. ఈ తగాదా మాకు రెండేళ్ళు నడిచింది. చివరికి సున్నా చుట్టి, పక్కన నిల్ అని రాసి, ఇద్దరం సంతకాలు పెట్టేవాళ్ళం. ఆ రోజు నాకు నిజంగానే అలుపొచ్చేది.

అటెండరు సంగతి చెప్పాలి. అతను పొద్దున తాళం తీసి, ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, వేలు పెట్టి కిందికెళ్ళిపోయేవాడు. కింద గేటు పక్కన వాళ్ళావిడకు ఇస్త్రీ బండి ఉంది. రోజంతా ఇద్దరూ బట్టలు ఇస్త్రీ చేసి, ఆ రాబడితో ఇద్దరాడపిల్లలను చదివించారు. నాకు అతని మీద మహా చిన్నచూపు. సర్కారు జీతం తింటూ సొంత వ్యాపారమా అని మనసులో ఈసడించుకునేదాన్ని. నేను చూడండి, పది నుంచి ఐదు దాకా కుర్చీ కదలకుండా, ఏమీ చెయ్యకుండా, నిజాయితీగా కూర్చునేదాన్ని! నా చీరలు కూడా అతని దగ్గరే ఇస్త్రీ చేయించుకున్నాను. డబ్బు తీసుకోవడానికి మొహమాటపడితే గదమాయించి ఇచ్చాను. అదొక గొప్ప.

మూడో ఏటికి నవలలు విసుగొచ్చాయి. ఏదో ఒకటి రాయకపోతే చెయ్యి పడిపోయేట్టుందని, పాత ఇన్వార్డు రిజిస్టరులో ఖాళీ పేజీలు చూసి ఒక పిచ్చి పని మొదలెట్టాను. లోకంలో నాలాంటి వాళ్ళెవరెవరున్నారో వెతికి ఆ గళ్ళలో ఎక్కించడం. తేదీ, ఎక్కడి నుంచి, విషయం, చర్య.

మొట్టమొదట ఎక్కించింది సైనెక్యూర్ అన్న మాట. లాటిన్లో సైన్ క్యూరా అంటే బాధ్యత లేకుండా అని. ఇంగ్లండు చర్చిల్లో ఒకప్పుడు జనం మంచిచెడ్డలు చూసే భారం లేకుండా పదవికి రాబడి మాత్రం వచ్చే ఏర్పాటది. అలాంటి పదవులున్న పెద్దమనిషి రాబడి తాను తిని, పనికి తక్కువ జీతం మీద ఇంకో చిన్న ఫాదిరీని పెట్టుకునేవాడు. దాని కింద తెలుగులో ఉద్యోగం అని రాసుకున్నాను. సంస్కృతంలో ఆ మాటకు అర్థం పూనిక, ప్రయత్నం. మన చేతికొచ్చేసరికి నెల జీతం అయింది.

తరవాత చిల్టర్న్ హండ్రెడ్స్. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడికి రాజీనామా చేసే వీలు లేదు, 1624 నాటి తీర్మానం ఒకటి అడ్డం. కానీ రాజు కింద ఆదాయం వచ్చే పదవి తీసుకుంటే సభ్యత్వం పోతుంది. అందుకని, మానెయ్యదలచినవాణ్ణి చిల్టర్న్ కొండల స్టీవార్డుగా వేస్తారు. పూర్వం ఆ కొండల్లో దొంగలను పట్టే పనట. ఇప్పుడు దొంగలూ లేరు, పనీ లేదు, జీతమూ లేదు. పేరు మాత్రం ఉంది. ఉద్యోగం మానడానికి ఇచ్చే ఉద్యోగం! ఇది అకౌంటెంటు గారికి ఎంత నచ్చిందంటే, మా ఆఫీసుకు కూడా ఆ పేరే పెట్టేశారు. "చిల్టర్న్‌కి టైమైంది" అంటూ మెట్లెక్కేవారు.

జపాను వాళ్ళు మడోగివా జోకు అంటారు, కిటికీ పక్క తెగ అని. తీసెయ్యడానికి మనసొప్పని పెద్ద వయసు ఉద్యోగిని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏ పనీ చెప్పకుండా వదిలేస్తారు. అది చదివి నా కుర్చీ కిటికీ దగ్గర్నుంచి గోడ వైపుకు జరుపుకున్నాను. గాలి పోయింది గానీ పరువు దక్కిందనిపించింది.

మా అభిమాన నాయకుడు స్పెయిన్ వాడు. కాడిజ్ నగరంలో నీటి సంస్థలో ఉద్యోగి. ఇరవయ్యేళ్ళ సేవకు 2010లో పతకం ఇద్దామని వెతికితే మనిషి కనపడలేదు. ఆరా తీస్తే కనీసం ఆరేళ్ళుగా ఆఫీసుకే రావడం లేదని తేలింది. ఒకరేమో అతను ఇంకొకరి కింద ఉన్నాడనుకున్నారు, వాళ్ళు వీళ్ళ కింద అనుకున్నారు. కోర్టు 27 వేల యూరోలు కట్టమంది. 2016లో పేపర్లన్నీ రాశాయి. ఆయన ఆ కాలమంతా తత్వశాస్త్రం, అందులోనూ స్పినోజాను చదివాడట. చర్య అన్న గడిలో ఆయనకు ఆర్.డిస్ వేశాను. మా కచేరీ భాషలో తేలిపోయిన కాగితం ఏడాదిలో చింపెయ్యదగినదైతే ఎల్.డిస్, పదేళ్ళుంచేదైతే డి.డిస్, శాశ్వతంగా దాచవలసినదైతే ఆర్.డిస్. ఆయన శాశ్వతం. నన్నెక్కడ వెయ్యాలో తోచక ఆ గడి ఖాళీగా వదిలాను.

ఇంకో కాగితం మాత్రం నవ్వుతూ ఎక్కించి, తరవాత నవ్వలేకపోయాను. 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం పోయింది. ఉత్తరప్రదేశ్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ చైర్‌పర్సన్‌గా ఉన్నారని, రాజ్యాంగం 102వ అధికరణం ప్రకారం అది లాభదాయక పదవని. ఆవిడ అందులోంచి పైసా తీసుకోలేదన్నారు. తీసుకున్నారా లేదా అని చూడక్కర్లేదు, తీసుకునే వీలున్న పదవి అయితే చాలు అని సుప్రీంకోర్టు అంది. అది రాసుకుని కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. నాకు వీలూ ఉంది. తీసుకోవడమూ ఉంది. ఒకటో తారీకున ఫోను టింగుమనగానే ఎంత పడిందో చూసుకోవడమూ ఉంది.

ఈ రిజిస్టరు గొడవ ఇంట్లో చెప్పలేదు. ఇంట్లో నాది పెద్ద బరువు బాధ్యతల ఉద్యోగం. "ఆడిటు నడుస్తోంది" అనేదాన్ని. "రేపు మీటింగు" అనేదాన్ని. అబద్ధానికి కూడా రోజూ నీళ్ళు పొయ్యాలి కదా, అందుకని అప్పుడప్పుడు పాత ఫైలొకటి ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద విప్పి పెట్టుకునేదాన్ని. అత్తయ్య గిన్నెల చప్పుడు కాకుండా నెమ్మదిగా తోమేది. మా ఆయన టీవీ తగ్గించేవారు. అందరూ కలిసి నాకు ఏమీ లేనిదానికి నిశ్శబ్దం సమకూర్చేవాళ్ళు.

చిత్రమేమిటంటే, కొన్నాళ్ళకు నా నాటకం నేనే నమ్మేశాను. నిజంగానే మెడ పట్టేసేది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. డాక్టరు బీపీ చూసి, "ఏం పని చేస్తారు?" అన్నాడు. ప్రభుత్వోద్యోగం అన్నాను. "ఒత్తిడి బాగా ఉన్నట్టుంది" అన్నాడు. తల ఊపాను. పక్కన అత్తయ్య ఉంది. ఆవిడ అప్పుడు బల్ల మీదకు వంగి, "ఒక నెల సెలవు రాసివ్వండి బాబూ, మరీ చంపేస్తున్నారు" అంది. డాక్టరు రాశాడు. ఖాళీగా కూర్చునే పని నుంచి నెల రోజులు సెలవు తీసుకుని, ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. వంట అత్తయ్యే చేసింది.

మావాడు అప్పటికి ఇంజనీరింగులో చేరాడు. ఒకసారి భోజనం చేస్తూ డేవిడ్ గ్రేబర్ అనే ఆయన 2018లో రాసిన బుల్‌షిట్ జాబ్స్ అనే పుస్తకం గురించి చెప్పాడు. ఉద్యోగికే తన ఉద్యోగం ఎందుకుందో తెలియకపోయినా, ఎందుకో ఉన్నట్టు నటించక తప్పని కొలువులట. "అలాంటివి ఉంటాయామ్మా?" అన్నాడు. "ప్రైవేటులో ఉంటాయేమో" అన్నాను. అత్తయ్య, "పనికి డబ్బిస్తారు గానీ పని లేకుండా ఎవరిస్తార్రా, తిను" అని వాడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. నేను మంచినీళ్ళు తాగాను.

లాక్‌డౌన్ వచ్చినప్పుడు నా వేషం రక్తి కట్టింది. 2020 మార్చి చివర నుంచి అందరూ ఇంట్లో. మావాడికి ఒక గదిలో ఆన్‌లైను క్లాసులు, మా ఆయనకు హాల్లో జూమ్ మీటింగులు. నేనొక్కదాన్నే ఖాళీగా ఉంటే ఎలా? పడకగదిలో తలుపు వేసుకుని, మావాడి పాత లాప్‌టాప్ తెరిచి కూర్చునేదాన్ని. కంప్యూటరంటే భయపడి విజయవాడ వదులుకున్నదాన్ని, అందులో పేకముక్కల ఆట మాత్రం బాగా వంటబట్టించుకున్నాను. పనిమనిషిని రావద్దన్నారు. నలుగురికి మూడు పూటలా వంట, గిన్నెలు, ఊడ్పులు, అన్నిటికీ డెబ్బై ఆరేళ్ళ మనిషి. పదకొండింటికి తలుపు మెల్లిగా తోసి, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, తెర వంక చూడకుండా వెళ్ళిపోయేది. ఆఫీసు రహస్యాలు చూడకూడదని.

ఆ కాఫీలు ఎలా మింగానా అని ఇప్పుడు ఆశ్చర్యం వేస్తుంది. అప్పుడు చక్కెర తక్కువైందని కూడా అన్నాను.

2022లో బయటపడింది. మామయ్య జిల్లా పరిషత్ స్కూల్లో మాస్టారు. ఆయన పోయాక అత్తయ్యకు ఫ్యామిలీ పింఛను వస్తుంది. దానికి ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. తాను బతికే ఉన్నానని ఆవిడ ఏడాదికోసారి రుజువు చెయ్యాలి. మా ఇంటి దగ్గరి సెంటర్లో మిషన్ పాడైందని, మా ఆఫీసు పక్క సందులో ఇంకోటుంటే అక్కడికి తీసుకెళ్ళాను. పది వేళ్ళూ ఒకటి తరవాత ఒకటి పెట్టింది. మిషన్ ఎర్రగా వెలిగి, కుదరదంది. ఆపరేటరు కుర్రాడు ఆవిడ చెయ్యి తిప్పి చూసి, "గీతలన్నీ అరిగిపోయాయి మామ్మగారూ. కళ్ళతో తీద్దాం, ఆ మిషన్ మా అన్న పట్టుకొస్తాడు. మూడింటికి రండి" అన్నాడు.

ఇంటికెళ్ళి మళ్ళీ రావాలంటే ఆటోకే నాలుగొందలు. ఎండ. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. నాకు వేరే దారి లేదు. మేడ మెట్లెక్కించాను. గుమ్మం దగ్గర నేను వేలు పెట్టగానే మిషన్ పచ్చగా వెలిగి, థాంక్యూ అంది.

అత్తయ్య హాలంతా కలయజూసింది. ఇరవై రెండు దూలాలు, పంతొమ్మిది ఖాళీ బల్లలు, గోడకు ఎప్పటిదో క్యాలెండరు. అకౌంటెంటు గారు లేచి నమస్కారం పెట్టారు. అటెండరు పరుగున వచ్చి, సూపరింటెండెంటు కుర్చీ తుడిచి వేశాడు. ఆ కుర్చీలో ఆరేళ్ళుగా ఎవరూ కూర్చోలేదు.

"మిగతావాళ్ళు ఎన్నింటికొస్తారమ్మాయ్?"

"ఇంతే అత్తయ్యా."

"ఓహో. సెలవా ఇవాళ?"

నేను గబగబా ఒక ఫైలు తీసి ముందు పెట్టుకుని, కలం మూత తీశాను. ఆవిడ చూస్తోంది. ఐదో తరగతి దాకా చదువుకుంది, తెలుగు బాగానే చదువుతుంది. పావుగంట గడిచింది. "అమ్మాయ్, ఆ కాగితం ఇంకా తిప్పలేదు నువ్వు" అంది. దెప్పిపొడుపేమీ లేదు గొంతులో, పిల్లవాడి హోంవర్కు చూస్తున్నట్టే అంది. అకౌంటెంటు గారు దగ్గారు. నేను కాగితం తిప్పాను. దాని వెనక తెల్లగా ఉంది.

ఆవిడ ఇంకేమీ అనలేదు. పైకి చూసి, "ఫ్యాను బాగా తిరుగుతోందే ఇక్కడ" అని, కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోయింది. పగటిపూట అత్తయ్య నిద్రపోవడం నేను కాపురానికి వచ్చాక చూడడం అదే మొదటిసారి. మూడింటికి లేపడానికి చెయ్యి రాక, మూడున్నర దాకా అలాగే ఉంచాను. నా దగ్గర క్యాలిక్యులేటరు ఉంది. ఏడాదికి 270 రోజులు, రోజుకి ఏడు గంటలు, అప్పటికి ఎనిమిదేళ్ళు. 15,120 అని వచ్చింది. ఈ అంకెను సున్నా అనాలో నిల్ అనాలో అకౌంటెంటు గారిని అడగబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విడిచేటప్పుడు నోరు మూసుకున్నాను. పరుగెత్తి కాఫీ నేనే పెట్టాను. పాలు పొంగిపోయాయి, డికాక్షను నీళ్ళలా దిగింది. ఆవిడ తాగి, "బాగుంది" అంది. నా అబద్ధాలన్నిటికీ ఆవిడ చెప్పిన అబద్ధం అదొక్కటి. నేను మొత్తం చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, నిజానికి..." అన్నాను. "రేపు కూడా ఉంటుందా మీ ఆఫీసు?" అంది.

మర్నాడు తొమ్మిదింటికి గంజి పెట్టిన చీర కట్టుకుని, సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇంట్లో ఏముంది, నేనూ వస్తాను" అంది. వంట ఇద్దరం కలిసి చేసుకుని బయల్దేరాం. అలా వారానికి మూడు నాలుగు రోజులు చొప్పున దాదాపు రెండు నెలలు వచ్చింది. ఎవరడుగుతారు? అటెండరు భార్య మధ్యాహ్నం పైకొచ్చి ఆవిడ దగ్గర కూర్చునేది. వాళ్ళ పెద్దమ్మాయి నర్సింగు చదువుతోందని ఏళ్ళ తరబడి ఒకే గేటులోంచి వెళ్తున్న నాకు అప్పుడు తెలిసింది. అకౌంటెంటు గారు గోంగూర పచ్చడి కొలతలు అడిగి ఆఫీసు కాగితం మీద రాసుకున్నారు. ఆ ఏడాది నిల్ కాక ఆయన రాసిన మొదటి అక్షరాలు అవే. రెండు గంటలకు అత్తయ్య నిద్ర. ఫ్యాను మూడు మీద ఉంచాలి.

మమ్మల్ని వేరే చోట సర్దేస్తున్నారని కబురొచ్చింది. దానికి ముందు చరాస్తుల జాబితా చూసుకోవడానికి పై నుంచి ఒక అధికారి చెప్పాపెట్టకుండా వచ్చాడు. మా మేడ ఎనిమిదేళ్ళలో చూసిన మొదటి తనిఖీ. కుర్రవాడు, ముప్పై ఐదు దాటి ఉండవు. గుమ్మంలో నిలబడి చూశాడు. అకౌంటెంటు గారు పేపర్లో సుడోకు నింపుతున్నారు. అటెండరు ఎవరిదో చొక్కాకు గుండీ కుడుతున్నాడు. నేను ఇన్వార్డు రిజిస్టరు ముందు పెట్టుకుని కాడిజ్ పేజీ దగ్గర కునికిపాట్లు పడుతున్నాను. సూపరింటెండెంటు కుర్చీలో అత్తయ్య, ఒళ్ళో చాట.

"ఏం చేస్తున్నారు మీరంతా ఇక్కడ?" అన్నాడు.

లేచి నిలబడ్డాం. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అకౌంటెంటు గారి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. నాకు ఆడిటు, మీటింగు, ఏ మాటా అందలేదు.

అత్తయ్య తలెత్తి కళ్ళజోడు సవరించుకుంది.

"చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నా బాబూ" అంది.